మాట మీద బీటా, బీటు మీద మాటా?

తిరునాళ్ళలో డీజే వాళ్ళు చేసే ఒక పని మీరు వినే ఉంటారు. ఎన్టీవోడి పౌరాణికం డైలాగో, ఎవరో నాయకుడు మైకు ముందు చేసిన సవాలో తీసుకుంటారు. దాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కని పదిసార్లు తిప్పి, కింద దడదడమని బీటు వదుల్తారు. వెలిగండ్ల, కనిగిరి, పామూరు.. మావైపు ఏ ఊరి ఊరేగింపుకెళ్ళినా ఇదే. ఆ బాక్సుల ముందు నిలబడితే గుండెకాయని ఎవరో చేత్తో పట్టుకుని ఊపినట్టుంటుంది. 'దానవీరశూరకర్ణ' వచ్చింది 1977లో. ఇప్పటికీ ఎవడో ఒకడు దాని డైలాగుల్ని కోసి అతుకుతూనే ఉన్నాడు.

మా ఆఫీసులో దీన్ని సంగీతం అంటే నవ్వుతారు. నేను నవ్వను. అది సంగీతమే, కాకపోతే తలకిందులుగా చేసిన సంగీతం అని నా అభిప్రాయం. ముందు బీటు ఖాయం చేసుకుని, దానికి సరిపడేట్టు మాటని సాగదీసో నొక్కో ఇరికిస్తారు. మాటకి తనదైన రాగం, తనదైన నడక ఉంటాయి కదా, అవి అందులో నలిగిపోతాయి. దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి ఒకటుంది. పాత రికార్డింగులో ఆ మనిషి ఏ స్వరంలో, ఏ వేగంతో మాట్లాడాడో అదే బాణీ, అదే తాళం. వాయిద్యాలే దాని వెనకాల నడవాలి. ఈ రెండో పద్ధతి చరిత్ర చాలా ఆసక్తిగా ఉంటుంది. ముందు అది చెప్పి తర్వాత మా నల్లమల వైపు వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మాటకి రాగమేమిటని సందేహం వస్తే, మార్కాపురం బస్టాండులో ఎవరైనా "యాడికి పోతన్నా అబ్బయా" అన్నప్పుడు గొంతు ఎక్కడ లేచి ఎక్కడ వాలిందో గమనించండి. అదే ప్రశ్న రాజమండ్రిలో అడిగితే పదాలే కాదు, ఆ లేవడం వాలడం కూడా మారిపోతుంది. యాస అంటే సగం అదే. మన ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, ఫండమెంటల్ ఫ్రీక్వెన్సీ టైముతో పాటు గీసే గీత. ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన 'ప్రాట్' అనే ఉచిత సాఫ్ట్‌వేరుంది. అందులో ఏ రికార్డింగు పడేసినా ఆ గీత గీసి చూపిస్తుంది. మగ గొంతయితే సుమారు 100-150 హెర్ట్జుల దగ్గర, ఆడ గొంతయితే 200కి అటూ ఇటూగా తిరుగుతుంటుంది. ఇప్పుడంటే రెండు క్లిక్కుల పని.

క్లిక్కులు లేని రోజుల్లో ఈ పని ఒట్టి చెవితో చేసినాయన ఒకడున్నాడు. చెక్ సంగీతకారుడు లియోష్ యానాచెక్. 1890ల చివర్లో మొదలుపెట్టి 1928లో చనిపోయేదాకా, వీధిలో, సంతలో జనం మాట్లాడుకునే మాటల్ని స్వరలిపిలో నోటుబుక్కుకి ఎక్కించేవాడు. తన ఆపెరాల్లో పాత్రలు ఎలా పాడాలో అందులోంచే నేర్చుకున్నాడు. 1903లో ఆయన కూతురు ఓల్గా మంచంలో చనిపోతుంటే ఆమె ఆఖరి మాటల్నీ, మూలుగునీ కూడా రాసుకున్నాడు. మొదటిసారి చదివినప్పుడు ఏం తండ్రయ్యా వీడు అనిపించింది నాకు. తర్వాత ఆలోచిస్తే, ఆయన దగ్గర టేపు రికార్డరు లేదు మరి. ఉన్నదల్లా చెవీ, పెన్సిలూ.

రికార్డు చేసే యంత్రం వచ్చాక, మాట కోసం దాన్ని ముందు పట్టుకున్నది సంగీతకారులు కాదు. భాషా పండితులు, సర్కార్లు. గ్రియర్సన్ గారి భారతీయ భాషా సర్వే గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1903 నుంచి 1928 దాకా పదకొండు సంపుటాలు వచ్చాయి. తమాషా ఏంటంటే ఆ సర్వే మద్రాసు ప్రెసిడెన్సీని, హైదరాబాదు, మైసూరు సంస్థానాల్ని వదిలేసింది. అంటే తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే చోట్లే దాని పరిధిలో లేవు! 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో తెలుగు ఉంది గానీ, ఇంట్లోవాళ్ళని అడక్కుండా పక్కింటివాళ్ళని అడిగి రాసుకున్నట్టే లెక్క.

ఆ సర్వేకి తోడుగా 1913-1929 మధ్య గ్రామఫోను రికార్డులు కూడా తీశారు. అందులో మటుకు మద్రాసు ప్రెసిడెన్సీ భాషలు చేరాయి. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ వీటిని డిజిటైజ్ చేసింది, ఎవరైనా వినొచ్చు. వినండి కూడా, ఓ పదినిమిషాలు. బరబర శబ్దం వెనక నూరేళ్ళ నాటి గొంతు వస్తుంటే ఏదోలా ఉంటుంది. కానీ చాలా రికార్డుల్లో చెప్పించింది ఒకటే కథ: బైబిల్లో తప్పిపోయిన కుమారుడి కథ. అన్ని భాషల్నీ పోల్చాలి కాబట్టి అందరికీ ఒకటే టెస్టు డేటా అన్నమాట. భాషాశాస్త్రానికి అది సబబే. కానీ చేతికిచ్చిన కాగితం అప్పజెప్పే మనిషి గొంతుకీ, తన కష్టం తను చెప్పుకునే మనిషి గొంతుకీ ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. మన డెమోల్లో వినట్లేదూ :)

ఆ తేడా ఎంతో చెప్పే రికార్డు ఇంకొకటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యం తరఫున పోరాడి జర్మనీకి పట్టుబడిన మనవాళ్ళని బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డోర్ఫ్ శిబిరంలో పెట్టారు. విల్‌హెల్మ్ డోగెన్ అనే ఆయన బృందం అలాంటి శిబిరాలు తిరిగి 1915-1918 మధ్య ఖైదీల గొంతులు రికార్డు చేసింది. అక్కడ కూడా చాలామంది చేత తప్పిపోయిన కుమారుడి కథే చెప్పించారు. అయితే 1916 డిసెంబరు 11న మాల్‌సింగ్ అనే పంజాబీ సిపాయి గొట్టం ముందు నిలబడి తన కథ చెప్పాడు. 'నేను' అని కాదు, 'ఒక మనిషి ఉండేవాడు' అని మొదలుపెట్టాడు. ఆ మనిషి హిందూస్తాన్‌లో వెన్న తినేవాడట. యుద్ధానికి వచ్చాడు, జర్మనీ పట్టుకుంది. ఇప్పుడు ఇంటికి పోవాలనుంది, పోతే మళ్ళీ ఆ తిండి తినొచ్చు.. ఇంతే సంగతి. నిమిషంన్నర కూడా ఉండదు. ఫిలిప్ షెఫ్నర్ అనే జర్మన్ దర్శకుడు 2007లో ఈ రికార్డుల చుట్టూ 'ది హాఫ్‌మూన్ ఫైల్స్' అని సినిమా తీశాడు. అది సంగీతం కాదు గానీ, పాత గొంతు ముందు ఎలా కూర్చోవాలో అందులో నేర్చుకోవచ్చు. చాలాసేపు తెర మీద బొమ్మే ఉండదు, గొంతు ఒక్కటే.

ఇక సంగీతం. 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియెర్ షేఫర్ అనే ఇంజనీరు (అవును, మన జాతే) బాతిన్యోల్ స్టేషన్లో రైళ్ళ శబ్దాలు రికార్డు చేసి, వాటిని కత్తిరించి, తిప్పి, ఒక రచన చేశాడు. వాయిద్యం లేదు, గాయకుడు లేడు, రైలే సంగీతం. ఆ అక్టోబరులో రేడియోలో వేశారు. అదే ఏడాది డిసెంబరు 1న మన విజయవాడ రేడియో స్టేషన్ మొదలైంది. రెండింటికీ సంబంధమేమీ లేదు, ఊరికే చెప్పాను. ఎలక్ట్రానిక్ సంగీతం రైలుతో మొదలవడం మటుకు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మాటని పట్టుకుని గట్టిగా కూర్చున్నవాడు అమెరికాలో స్టీవ్ రైష్. 1964లో శాన్ ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్లో బ్రదర్ వాల్టర్ అనే బోధకుడు నోవా జలప్రళయం గురించి అరుస్తుంటే రికార్డు చేసుకున్నాడు. వెనకాల ఒక పావురం రెక్కలు కొట్టుకుంటూ లేచింది, అది డప్పులాగా పడింది. 1965లో అందులో మూడే మాటల్ని రెండు టేపు రికార్డర్ల మీద ఒకేసారి తిప్పాడు. రెండూ కలిసి నడవాలనే పెట్టాడు. కానీ చవక యంత్రాలు, ఒకదాని వేగం ఇంకోదానికి వెంట్రుకవాసి తేడా. వింటుండగా ఒక గొంతు ఇంకో గొంతు నుంచి మెల్లగా జారిపోవడం మొదలైంది. లెక్క సులువే: వేగంలో వెయ్యోవంతు తేడా ఉంటే వెయ్యి తిరుగుళ్ళకి ఒక పూర్తి తిరుగుడు ముందుకొస్తుంది. ఈలోగా మధ్యలో వచ్చే ప్రతి తేడా ఒక కొత్త లయ. సర్వర్లలో మనం ఎన్‌టీపీ పెట్టి సరిచేసే క్లాక్ డ్రిఫ్ట్ ఉంది చూశారూ, ఆయన దాన్ని సరిచెయ్యకుండా కూర్చుని విన్నాడు. అంతే.

మరుసటేడు చేసిన 'కమ్ అవుట్' (1966) వెనక కథ ఇంకా బరువైంది. 1964లో న్యూయార్క్ హార్లెంలో పోలీసులు కొందరు నల్లజాతి కుర్రాళ్ళని పట్టుకెళ్ళి చితకబాదారు. రక్తం కారుతున్నవాళ్ళనే ఆసుపత్రికి పంపుతామన్నారు. డేనియల్ హామ్ అనే కుర్రాడికి ఒళ్ళంతా కమిలిపోయింది గానీ రక్తం బయటికి రాలేదు. దాంతో కమిలినచోట తనే పిండుకుని, వాళ్ళకి కనపడేట్టు రక్తం బయటికి తెప్పించుకున్నాడు. అదే మాట టేపు మీద చెప్పాడు. తర్వాత వేరే హత్య కేసులో ఆ కుర్రాళ్ళకే శిక్షలు పడ్డాయి. వాళ్ళ పునర్విచారణకి నిధులు కూడగట్టే సభ కోసం ఆ టేపుల్ని ఎడిట్ చెయ్యమని రైష్‌ని అడిగారు. గంటల కొద్దీ టేపుల్లోంచి ఆయన ఆ ఒక్క వాక్యం చివరి ముక్క పట్టుకున్నాడు. రెండు గొంతులు నాలుగై, నాలుగు ఎనిమిదై, చివరికి మాట మాటలాగా వినపడదు, ఒట్టి హోరు మిగుల్తుంది. పదమూడు నిమిషాలు. 1968లో పైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది, సంగీతం వల్ల కాదు లెండి. కానీ ఇవాళ హామ్ పేరు తెలిసినవాళ్ళలో చాలామందికి ఆ పదమూడు నిమిషాల వల్లే తెలుసు.

ఇక్కడ నాకో ఇబ్బంది ఉంది. మాట అర్థం పోయేదాకా తిప్పడం గొప్ప ఎత్తే, ఒప్పుకుంటాను. కానీ చివరికి హామ్ గొంతు కూడా బీటే అయిపోయింది కదా? మా డీజే వాడికీ ఈయనకీ తేడా ఎక్కడ? ఈ ప్రశ్నకి జవాబు రైష్ గారే ఇరవై రెండేళ్ళ తర్వాత ఇచ్చారని నా నమ్మకం.

1988లో వచ్చిన 'డిఫరెంట్ ట్రెయిన్స్' అది. రైష్ తల్లిదండ్రులు ఆయన ఏడాది పిల్లాడప్పుడే విడిపోయారు. తండ్రి న్యూయార్క్‌లో, తల్లి లాస్ ఏంజెలిస్‌లో. 1939-1942 మధ్య ఆ పిల్లాడు ఒక ఆయాని తోడు పెట్టుకుని దేశం ఈ కొస నుంచి ఆ కొసకి రైల్లో తిరిగాడు. పెద్దయ్యాక తట్టిందేంటంటే, తను యూదుడు, అవే ఏళ్ళలో యూరప్‌లో పుట్టి ఉంటే వేరే రైళ్ళు ఎక్కేవాడు. అందుకని నలుగురైదుగురి గొంతులు సేకరించాడు. డెబ్భై దాటిన తన ఆయా. ఎనభై దాటిన ఒక రైల్వే పోర్టరు. ఇంకా, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి అమెరికా చేరిన ముగ్గురు. ఆ ముగ్గురిని ఆయన కలిసి రికార్డు చెయ్యలేదు, యేల్ విశ్వవిద్యాలయంలాంటి చోట్ల భద్రపరిచిన వాంగ్మూలాల్లోంచి తీసుకున్నాడు. 1930, 40ల నాటి రైలు కూతలు కూడా వెతికి పట్టుకున్నాడు.

తర్వాత చేసింది చూడండి. స్వరం స్పష్టంగా ఉన్న ముక్కల్ని ఏరి, ప్రతి ముక్క గొంతునీ నొటేషన్లో రాసుకున్నాడు, యానాచెక్ లాగే. ఆడమనిషి మాట్లాడితే వయోలా, మగమనిషి మాట్లాడితే చెల్లో అదే స్వరాన్ని వాయిస్తుంది. గొంతులు శాంప్లింగ్ కీబోర్డు, కంప్యూటరు ద్వారా టేపు మీదికి ఎక్కాయి, క్రోనోస్ క్వార్టెట్ దాని మీద వాయించింది. ఒక్కొక్కరి మాట ఒక్కో వేగం కాబట్టి టెంపో మాటిమాటికీ మారిపోతుంది. వాయించేవాళ్ళకి నరకం. అయినా మారాల్సింది వాళ్ళే, మాట మారదు. బీటు కోసం మాట కాదు, మాట కోసం బీటు. 'కమ్ అవుట్' నన్ను పెట్టిన ఇబ్బంది ఇక్కడ లేదు.

అన్నట్టు, దీన్ని కూడా అందరూ ఒప్పేసుకోలేదు. ఏమీ వ్లొదార్‌స్కీ అనే సంగీత పరిశోధకురాలు అసలు వాంగ్మూలాల టేపులు విని, రైష్ కోసుకున్న ముక్కలతో పోల్చి 2010లో ఒక వ్యాసం రాసింది. గంటల సాక్ష్యంలోంచి నాలుగు మాటలు ఏరడం కూడా ఒక రకం కథ చెప్పడమేననీ, ఆ కథ సాక్షిది కాదు, సంగీతకారుడిదనీ ఆమె వాదన. సబబైన వాదనే. నేను దీన్నుంచి తీసుకున్నదల్లా ఒకటే: ముక్క ఎంత బాగా వచ్చినా, పూర్తి టేపు పక్కనే ఉండాలి. ఎవరైనా వెళ్ళి పోల్చుకోగలగాలి. సోర్సు లేకుండా బైనరీ మాత్రమే ఇస్తే ఎలాగుంటుందో మనకి తెలియంది కాదు.

మనదేశంలో ఇలాంటిది జరగలేదా అంటే, యంత్రాలు వచ్చాయి. 1969లోనే అహ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్లో మూగ్ సింథసైజరు పెట్టి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియో నడిపారు. డేవిడ్ ట్యూడర్ అమెరికా నుంచి వచ్చి బిగించాడు, గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్ళు దాని మీద పనిచేశారు. నాలుగేళ్ళలో మూతబడింది. టేపులు అక్కడే బీరువాల్లో ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే లండన్ సంగీతకారుడు వెతికి తీస్తే, 2023లో ఆల్బంగా వచ్చాయి. యాభై ఏళ్ళ పాటు మనకి ఆ చరిత్రే లేదన్నమాట. టేపు ఉంది కాబట్టి తిరిగొచ్చింది. లేకపోతే?

ఇప్పుడు మావైపు. ప్రకాశం జిల్లా 1970లో మూడు జిల్లాల ముక్కలతో పుట్టింది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. కనిగిరి, అందులో మా వెలిగండ్ల, నెల్లూరు నుంచి. ఒంగోలు వైపు గుంటూరు నుంచి. కాబట్టి నాలుగు మైళ్ళకో యాస. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (1962, వ్యవసాయం) చేసినప్పుడు ఊళ్ళు తిరిగి రైతుల మాటలు సేకరించారు. అదెంత గొప్ప పనో చెప్పక్కర్లేదు. కానీ అది అచ్చులో ఉన్న మాట. నాగలి భాగాల పేర్లన్నీ దొరుకుతాయి, ఆ పేరు పలికిన గొంతు దొరకదు. పశ్చిమ ప్రకాశం మనిషి మామూలుగా కూర్చుని తన బతుకు గురించి మాట్లాడిన పాత రికార్డింగు కోసం వెతికి చూడండి. నాయకుల ఉపన్యాసాలు దొరుకుతాయి. నటుల డైలాగులు కోకొల్లలు. డీజే వాళ్ళు వాటినే కోస్తున్నారంటే వాళ్ళ తప్పేముంది, చేతికి దొరికినవి అవే.

మాకూ ఒక రైలుంది. గుంటూరు-గుంతకల్లు లైను. దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, ఆ తర్వాత నల్లమల అడవి దాటి నంద్యాల. బ్రిటిషువాళ్ళ కాలంలో వేసిన మీటరు గేజి. 1990లలో బ్రాడ్ గేజి అయింది, అడవిలో పాత దొరబావి వంతెన దారి వదిలేసి కొత్త దారి వేశారు. మార్కాపురం పలకల పెట్టెలు ఎక్కిన రైలు అది. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దుకున్న పలకలు. ఆ మీటరు గేజి బండి ఘాటెక్కేటప్పటి చప్పుడు ఇప్పుడు ఎక్కడా లేదు, విన్నవాళ్ళ చెవుల్లో తప్ప. రైష్‌కి 1930ల నాటి కూతలు దొరికాయంటే, ఎవరో ముందే రికార్డు చేసి దాచారు కాబట్టి దొరికాయి.

మా వెలిగండ్లకైతే ఆ రైలు కూడా లేదు. వానల్లేక, కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడుతో కాళ్ళు వంకర్లు పోయి, బేల్దారి పనులకని హైదరాబాదుకీ బెంగుళూరుకీ బస్సుల్లో పోయిన జనం. నడికుడి-శ్రీకాళహస్తి లైను 2011-12లో మంజూరైంది, 309 కిలోమీటర్లు, కనిగిరి, పామూరు మీదుగా. ముక్కలు ముక్కలుగా పని నడుస్తోంది. ఆ రైలొచ్చేసరికి, అది లేని రోజుల్లో నెత్తిన మూటతో నడిచినవాళ్ళు ఎంతమంది మిగులుతారు? 'డిఫరెంట్ ట్రెయిన్స్'కి మావైపు జవాబు ఉంటే గింటే, అందులో ఒక భాగం రైలు ఎక్కనివాళ్ళదే అవుతుంది.

అందుకే పోయిన సంవత్సరం నుంచి ఊరెళ్ళినప్పుడల్లా ఫోను పక్కన పెట్టి ఒక చిన్న రికార్డరు తీసుకెళ్తున్నాను. 48 కిలోహెర్ట్జులు, 24 బిట్లు, కంప్రెషన్ లేకుండా. ఫ్యాను ఆపేస్తాను, అదొక్కటే వాళ్ళకి నచ్చదు, మావైపు ఎండలు తెలుసుగా. ఏం అడగాలో కాగితం మీద రాసుకెళ్ళను. తప్పిపోయిన కుమారుడి కథ వాళ్ళకీ వద్దు నాకూ వద్దు.

చుట్టాల్లో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆ లైను మీద గ్యాంగుమన్‌గా చేసి రిటైరయ్యాడు. మీటరు గేజి బండి ఎట్లా వచ్చేది పెదనాయనా అంటే, మాటల్లో చెప్పకుండా నోటితో ఇంజను చేసి చూపించాడు. ముందు నిదానం, తర్వాత అడవిలో ఎక్కుడు మొదలయ్యేచోట ఒక తడబాటు, మళ్ళీ అందుకోవడం. పన్నెండు సెకన్లు. ప్రాట్‌లో చూస్తే ఆ తడబాటు దగ్గర గీత ఒక్కసారి కిందికి జారి పైకి లేస్తుంది. చెల్లో కోసం రాస్తే నాలుగు స్వరాలు. చెల్లో వాయించేవాడు నాకెక్కడ దొరుకుతాడు, ప్రస్తుతానికి సింథుతోనే లాగిస్తున్నాను. టెంపో ఆయనది, గ్రిడ్ ఆఫ్ చేసి పెట్టాను.

దీన్ని పాటలో పెట్టుకోవచ్చా అని ఆయన్నే అడిగాను. పేరు వెయ్యొచ్చా అని కూడా. "పేరెందుకబ్బయా, ఊరి పేరు ఎయ్యి. ముందు నాకినిపించు, బండి నడక తప్పితే చెప్తా" అన్నాడు. మొన్న వినిపించాను. రెండుసార్లు విన్నాడు. దిగువమెట్ట దాటాక ఇంకా మెల్లగా పోవాలంట. మళ్ళీ చేస్తున్నాను.